ఎనామెల్, గాజు, రెజిన్ పూత: ఏ పనికి ఏది నిలుస్తుంది

వీధి పేరు రాసే పలక కావచ్చు, ఆమ్లం నిలవ ఉంచే తొట్టి కావచ్చు, మెడలో వేసుకునే లాకెట్ కావచ్చు. రంగు వెలవకూడదు, తుప్పు పట్టకూడదు, తుడిస్తే శుభ్రం కావాలి అనుకున్నప్పుడు ఎంపిక చివరికి నాలుగింటి మధ్యకే వస్తుంది. ఒకటి, లోహం మీద గాజుపొడిని కరిగించి అతికించిన అసలైన ఎనామెల్. రెండు, ఒట్టి గాజు. మూడు, గాజు మీదే కాల్చిన ఎనామెల్ రంగులు. నాలుగు, రెజిన్, నూనె రంగు, పౌడర్ కోటింగ్ లాంటి పూతలు. నాలుగోదాన్ని కూడా బజారులో ఎనామెల్ అనే అమ్ముతారు కాబట్టి ఆర్డరు ఇచ్చే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: "ఎన్ని డిగ్రీల దగ్గర కాలుస్తారు?" ఉక్కు, రాగి, వెండి, బంగారం మీద అసలైన ఎనామెల్‌కి సుమారు 750 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. జవాబు 200 డిగ్రీల లోపు వస్తే అది ఎనామెల్ కాదు, దాని నుంచి ఎనామెల్ మన్నికను ఆశించకూడదు.

ముందు వెనకున్న లోహాన్ని చూడాలి

రంగు, డిజైను తర్వాత సంగతి. ఎనామెల్ నిలుస్తుందా లేదా అనేది లోహమూ గాజూ చల్లారేటప్పుడు ఎంతెంత కుంచించుకుంటాయనే దాని మీద ఉంటుంది. ఒక మీటరు పొడవున్న బద్దీని 100 డిగ్రీలు చల్లారిస్తే వెండి సుమారు 1.9 మి.మీ., రాగి 1.7, బంగారం 1.4, ఉక్కు 1.2 మి.మీ. తగ్గుతాయి. కిటికీలకు వాడే మామూలు గాజు 0.9 మి.మీ. తగ్గితే, ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు 0.33 మి.మీ. మాత్రమే తగ్గుతుంది.

గాజు నొక్కుడుకి గట్టిగా తట్టుకుంటుంది, లాగుడుకి వెంటనే లొంగిపోతుంది. అందుకే ఎనామెల్ లోహం కన్నా కొద్దిగా తక్కువ కుంచించుకునేలా తయారుచేస్తారు. చల్లారాక లోహం దాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది. రాగి కోసం చేసిన ఎనామెల్‌ని ఉక్కు మీద వేస్తే అది ఉక్కు కన్నా ఎక్కువ కుంచించుకుని సన్నటి నెర్రెలు ఇస్తుంది. ఉక్కు ఎనామెల్‌ని రాగి మీద వేస్తే నొక్కుడు మరీ ఎక్కువై పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. రెండు కంపెనీల పొడులు కలిపి వాడినప్పుడు వచ్చే నెర్రెలకూ చాలాసార్లు ఇదే కారణం.

రెండో సంగతి పట్టు. నున్నటి ఉక్కుకి గాజు తనంతట తాను గట్టిగా అతుక్కోదు. కోబాల్టు, నికెల్ ఆక్సైడులు కలిపిన అడుగుపూత వేస్తే, కాల్చేటప్పుడు ఉక్కు ఉపరితలం కొద్దిగా తినేసినట్టై గరుకుగా మారుతుంది, గాజు ఆ గరుకులోకి దిగి పట్టు తీసుకుంటుంది. తెల్లటి ఎనామెల్ పళ్లెం అంచు దెబ్బతిన్నప్పుడు తెలుపు కింద కనిపించే ముదురు నీలం, నలుపు పొర ఈ అడుగుపూతే. ఆ నలుపు మిగిలి ఉంటే పట్టు బాగున్నట్టు. మెరిసే లోహం బయటపడితే శుభ్రం చేయడంలోనో కాల్చడంలోనో లోపం ఉన్నట్టు.

అల్యూమినియం విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి 500 నుంచి 560 డిగ్రీల మధ్య కరిగే ప్రత్యేక ఎనామెల్ కావాలి. సరైన మిశ్రలోహం, ముందు శుద్ధి లేకపోతే పెచ్చులు ఊడుతుంది. తేలికదనం తప్పనిసరైతే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఆభరణానికీ కళావస్తువుకీ

ఐదు పద్ధతులున్నాయి. వాటి మధ్య తేడా అందంలో మాత్రమే ఉందనుకుంటారు గానీ, ఏది ఎంత దెబ్బకు ఆగుతుందన్న తేడా అంతకన్నా ముఖ్యం.

క్లోజొనే అంటే సన్నటి తీగలతో గదులు కట్టి వాటిలో రంగు నింపడం. సైప్రస్‌లోని కూక్లియాలో దొరికిన మైసీనియన్ కాలపు బంగారు ఉంగరాలు, సుమారు క్రీ.పూ. 13వ శతాబ్దానివి, ఈ పద్ధతికి తొలి ఉదాహరణలుగా చెబుతారు. బైజాంటియం పనివాళ్లు బంగారం మీద దీన్ని శిఖరానికి తీసుకెళ్లారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చిలో ఉన్న పాలా దోరో అనే బంగారు బలిపీఠపు తెరలో ఆ పలకలు ఇప్పటికీ చూడొచ్చు. చైనాలో మింగ్ చక్రవర్తి జింగ్‌టాయ్ కాలం, అంటే 1450 నుంచి 1457, ఈ పనికి ఎంత పేరు తెచ్చిందంటే అక్కడ క్లోజొనేని ఇప్పటికీ జింగ్‌టాయ్ నీలం అనే పిలుస్తారు. జపాన్‌లో నమికావా సోసుకే చివరి కాల్పుకు ముందే తీగలు తీసేసి, కుంచెతో వేసిన బొమ్మలా కనిపించే పలకలు చేశాడు. గీతలతో నడిచే డిజైనుకి, చాలా రంగులు పక్కపక్కన కలవకుండా ఉండాల్సిన చోట క్లోజొనే ఎంచుకోవాలి.

షాంప్లెవే పద్ధతిలో లోహాన్నే తొలిచి గుంటలు చేసి నింపుతారు. ఫ్రాన్స్‌లోని లిమోజ్ 12, 13వ శతాబ్దాల్లో రాగి మీద చేసిన ఈ పనితో యూరప్ అంతటా చర్చిల పెట్టెలు, శిలువలు నింపింది. జైపూర్ మీనాకారీ కూడా బంగారాన్ని చెక్కి చేసే ఈ కుటుంబపు పనే. కుందన్ నగల వెనుక వైపు ఒంటికి రాసుకునే చోట మీనా వేయడంలో అందంతో పాటు మెత్తటి బంగారం అరిగిపోకుండా చూసే ప్రయోజనమూ ఉంది. మీనాకారులు రంగులన్నీ ఒకేసారి కాల్చరు. ఎక్కువ వేడి తట్టుకునే తెలుపుతో మొదలుపెట్టి, వేడికి తొందరగా చెడే ఎరుపును చివరికి ఉంచుతారు. షాంప్లెవేలో రంగు చుట్టూ గట్టి లోహపు గట్టు ఉంటుంది కాబట్టి దెబ్బ మొదట లోహానికి తగులుతుంది. ఉంగరం, బెల్టు బకిల్, కఫ్‌లింక్, బ్యాడ్జి లాంటి రాపిడి వస్తువులకి ఇదే మా మొదటి సలహా.

బాస్‌టాయ్‌లో లోహం మీద పలుచటి చెక్కుడు చెక్కి, పైన పారదర్శక ఎనామెల్ కప్పుతారు. లోతైన చోట రంగు చిక్కగా, ఎత్తైన చోట పలుచగా కనిపించి బొమ్మకి నీడలు వస్తాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 14వ శతాబ్దపు చివరి రాయల్ గోల్డ్ కప్ ఈ పనికి గొప్ప నమూనా. రష్యా నగల పనివాడు ఫాబెర్జే చేసిన పెట్టెల మీద కనిపించే అలల మెరుపు కూడా ఇదే సూత్రం, అక్కడ చెక్కుడు యంత్రంతో చేశారు. వెండీ బంగారమే దీనికి తగిన లోహాలు. పెద్ద చదును భాగం గట్టు లేకుండా ఉంటుంది కాబట్టి కింద పడితే బీట వారుతుంది. చేతిలో తిరిగే వస్తువుకన్నా పెట్టెలో ఉండే వస్తువుకి నప్పుతుంది.

ప్లీకాజూర్‌లో వెనక లోహమే ఉండదు. కాంతి ఇవతలి నుంచి అవతలికి వెళుతుంది. 15వ శతాబ్దపు తొలినాళ్లదిగా చెప్పే మెరోడ్ కప్పు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆర్ట్ నూవో అనే కళాశైలి నడిచిన కాలంలో ఫ్రెంచ్ నగల కళాకారుడు రెనే లాలిక్ తూనీగ రెక్కలకి ఈ పద్ధతినే వాడాడు. తీగల మధ్య గది వెడల్పు 3 నుంచి 5 మి.మీ. దాటితే నీళ్లతో తడిపిన గాజుపొడి నిలవదు, నిలిచినా చల్లారేటప్పుడు చీలుతుంది. ఇది చెవికి వేలాడే నగకి సరే గానీ వేలికి, మణికట్టుకి చేయించుకోవద్దు. వెనక ఆధారం లేని గాజుకి ఒక్క తాకిడి చాలు.

చిత్రించిన ఎనామెల్ లిమోజ్‌లోనే 15వ శతాబ్దం చివర మొదలై 16వ శతాబ్దంలో పెరిగింది. ముదురు నేల మీద తెలుపును పలుచగా, చిక్కగా వేస్తూ నీడలు తెచ్చే గ్రిజాయ్ దాని సొంతం. ముఖాలు, దృశ్యాలు కావాలంటే ఇదే దగ్గరి దారి.

వెండి మీద క్లోజొనే పని క్రమం ఇలా ఉంటుంది. సుమారు 0.8 మి.మీ. మందం శుద్ధ వెండి రేకును కొద్దిగా ఉబ్బెత్తు చేయాలి. చదును రేకు కొలిమిలో మెలి తిరుగుతుంది. నూనె మరకలేవీ లేకుండా కడిగాక, నీళ్లు ఉపరితలం మీద బిందువులుగా విడిపోకుండా పరుచుకుంటే శుభ్రమైనట్టు. వెనక వైపు కౌంటర్ ఎనామెల్ వేసి తీరాలి. ముందు వైపు మాత్రమే పూస్తే, చల్లారినప్పుడు లోహం ఎక్కువగా, గాజు తక్కువగా కుంచించుకుని ముక్క వంగి, గాజు బీటలిస్తుంది. ముందు వైపు ఫ్లక్స్, అంటే రంగులేని పారదర్శక ఎనామెల్, పలుచగా కాల్చి, దాని మీద సుమారు 1 మి.మీ. ఎత్తు తీగలను జిగురుతో నిలబెట్టి, మళ్లీ కాలిస్తే తీగలు ఫ్లక్స్‌లోకి దిగి నిలుస్తాయి. అతుకు లోహం వాడనక్కర్లేదు. ఆ లోహపు ఆవిరి వల్ల రంగులు చెడే ప్రమాదమూ తప్పుతుంది. తర్వాత తడి పొడి గదుల్లో పలుచగా నింపి, పూర్తిగా ఆరబెట్టి, 780 డిగ్రీల దగ్గర ఒకటిన్నర, రెండు నిమిషాలు కాల్చాలి. ఇలా నాలుగు నుంచి ఆరు సార్లు నింపాక గదులు నిండుతాయి. నీళ్ల కింద సానబట్టి చదును చేసి, గాజుపొడి ఇరుక్కోకుండా కడిగి, చివరగా ఒకసారి క్లుప్తంగా కాలిస్తే మెరుపు తిరిగి వస్తుంది.

ఎప్పుడు తీయాలో గడియారం కన్నా కన్ను బాగా చెబుతుంది. ఉపరితలం మొదట గరుకు ఇసుకగా ఉంటుంది, తర్వాత నారింజ తొక్కలా గుంటలు పడుతుంది, చివరికి నున్నగా మెరుస్తుంది. మధ్య పొరలను నారింజ తొక్క దశలోనే తీసేయడం మంచిది, ఎందుకంటే ఇంకా చాలా కాల్పులు రాబోతున్నాయి.

పాడయ్యే చోట్లు కొన్నే. పారదర్శక రంగు పొగమంచు పట్టినట్టుంటే పొడిలోని సన్నటి ధూళి కడగలేదన్నమాట. నీళ్లు తేటగా వచ్చేదాకా వడకట్టి వడకట్టి కడగాలి. బుడగలు వచ్చాయంటే తడి పూర్తిగా ఆరకముందే కొలిమిలో పెట్టారు, లేదా పొర మందంగా వేశారు. పారదర్శక ఎరుపు, గులాబీ నేరుగా వెండి మీద తరచుగా గోధుమ, పసుపు వైపు తిరుగుతాయి. మధ్యలో ఫ్లక్స్ పొరగానీ, బంగారు రేకుగానీ ఉండాలి. 92.5 శాతం వెండిలో ఉన్న రాగి కాల్పులో నల్లబడి కింది మెరుపును మింగేస్తుంది, పైగా ఆ వెండి 800 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. చేతికి కొత్త అయితే శుద్ధ వెండితోనే మొదలుపెట్టాలి. అది 961 డిగ్రీల దాకా కరగదు. పాత పొడుల్లో సీసం ఉండేది కాబట్టి తినే పాత్రకి పాత నిల్వ పొడి వాడకూడదు, పొడి ఎగిరే పనిలో ముక్కుకు మాస్కు తీయకూడదు.

పలక, గోడ, బోర్డు

1764లో జర్మనీలోని కోనిగ్స్‌బ్రోన్‌లో పోత ఇనుముకి ఎనామెల్ పూసే ప్రయత్నాలు జరిగాయి. ఇంగ్లండ్‌లో 1799లో ఇనుప పాత్రల ఎనామెల్‌కి పేటెంటు వచ్చింది. ఉక్కు రేకు చౌకగా దొరికాక, 19వ శతాబ్దం చివర్లో రైలు స్టేషన్ల, దుకాణాల, వీధుల పలకలు చాలావరకు ఎనామెల్‌వే అయ్యాయి. వాటిలో చాలా ఇప్పటికీ రంగు తగ్గలేదు. కారణం, ఆ రంగులు లోహ ఆక్సైడులు, గాజులో కరిగో చిక్కుకునో ఉంటాయి. ఎండ వాటిని ఏమీ చేయలేదు.

బయట ఎండలో దశాబ్దాలు ఉండాల్సిన పలకకి, గోడ మీద గీతలూ రాతలూ తుడిచేయాల్సిన సొరంగం, మెట్రో స్టేషన్ లాంటి చోటికి ఉక్కు ఎనామెల్ ఎంచుకోవచ్చు. పౌడర్ కోటింగ్‌ని మరమ్మతు చేయడం సులువు, వంచడం సులువు. కానీ ఎండకు క్రమంగా పాలిపోతుంది, ఒక గీత పడితే తుప్పు పూత కిందుగా పాకుతుంది. ఎనామెల్‌లో పెచ్చు ఊడినచోట తుప్పు పట్టినా అది పక్కకి పాకడం చాలా తక్కువ.

ఉక్కు ఎనామెల్ పలక చేయించేటప్పుడు డ్రాయింగులోనే జాగ్రత్త పడాలి. పదునైన అంచు నుంచి ఎనామెల్ కాల్పులో వెనక్కి తగ్గుతుంది, కాబట్టి వంపులకు కనీసం 3 నుంచి 5 మి.మీ. వ్యాసార్థం కావాలి. రంధ్రాలన్నీ పూతకు ముందే వేయాలి. ఎనామెల్ అయ్యాక డ్రిల్లు పెట్టినా, కోసినా, వెల్డింగు చేసినా అది పాడైనట్టే. రెండు రేకులు ఒకదాని మీదొకటి వచ్చేలా వెల్డింగు చేస్తే మధ్యలో చిక్కిన ఆమ్లం కాల్పులో ఆవిరై పూతను పేలుస్తుంది. బిగించేటప్పుడు స్క్రూ తల కింద నైలాన్ లేదా మెత్తటి వాషర్ తప్పదు. పాత పలకల మీద తుప్పు దాదాపు ఎప్పుడూ స్క్రూ రంధ్రం చుట్టూనే మొదలవుతుంది.

ఇందులో అందరినీ ఇబ్బంది పెట్టే లోపం ఫిష్‌స్కేల్. ఫ్యాక్టరీ నుంచి నిగనిగలాడుతూ బయలుదేరిన పలక మీద మూడో రోజో, పదో రోజో అర్ధచంద్రాకారపు చిన్న పెచ్చులు టప్పున లేస్తాయి. కారణం హైడ్రోజన్. పూత ద్రవంలోని నీరు, ఫర్నేసు గాలిలోని తేమ వేడి ఉక్కుతో చర్య జరిపి హైడ్రోజన్‌ని విడుదల చేస్తాయి. వేడి మీద ఉక్కు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, చల్లారాక పట్టి ఉంచలేదు. బయటకు వద్దామంటే పైన గాజు మూత. ఆ సందులో ఒత్తిడి పెరిగి పెరిగి గాజును ఎగరగొడుతుంది. మామూలు ఉక్కు తీసుకుని ఎంత జాగ్రత్తగా కాల్చినా ఇది తప్పదు. ఎనామెల్ కోసమే చేసిన తక్కువ కర్బనపు ఉక్కు కావాలి. దానిలో టైటానియం సమ్మేళనాలో, సూక్ష్మ ఖాళీలో హైడ్రోజన్‌ని పట్టి ఉంచుతాయి. అందుకే "ఏ గ్రేడు ఉక్కు వాడతారు" అని అడిగి, సరుకు పంపే ముందు కొన్ని రోజులు నిల్వ ఉంచి చూడమనండి. రెండు వైపులా పూసిన రేకులో హైడ్రోజన్‌కి పారిపోయే దారి లేదు కాబట్టి ముప్పు ఎక్కువ.

ఇళ్లకే ఎనామెల్ ఉక్కు గోడలు కట్టిన ప్రయత్నం కూడా ఉంది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కొరత తీర్చడానికి లస్ట్రాన్ కంపెనీ ఎనామెల్ పలకలతో సుమారు 2,500 ఇళ్లు తయారుచేసి 1950లో దివాలా తీసింది. గోడలకు రంగు వేయనక్కర్లేదు, కానీ మేకు కొట్టడానికీ వీలుండదు, కాబట్టి బొమ్మలు అయస్కాంతాలతో వేలాడదీయాల్సి వచ్చేది. పలక సొట్టపోతే పలకే మార్చాలి. ఎనామెల్ గోడ అనుకునేవాళ్లు ముందే అదనపు పలకలు అదే బ్యాచి నుంచి తీసి పెట్టుకోవాలి.

గాజు పలక అనుకుంటే, 20వ శతాబ్దం తొలి సగంలో వచ్చిన విట్రోలైట్ లాంటి రంగు గాజు పలకల కథ చూడాలి. గాజు చెక్కుచెదరలేదు. వెనక అంటించిన మాస్టిక్ అనే జిగురు ఎండిపోయి పట్టు వదిలింది. అందుకే గాజు గోడకి జిగురు మీద పూర్తిగా ఆధారపడొద్దు, కింద అంచుకైనా లోహపు ఆధారం ఉండాలి. పిల్కింగ్టన్ 1959లో ప్రకటించిన ఫ్లోట్ పద్ధతి వచ్చాక చదును గాజు చౌక అయింది, దాని వెనక సిరామిక్ రంగు (గాజు మీద కాల్చే ఎనామెల్ ఇదే) వేసి టెంపరింగులోనే కాల్చడం మామూలైంది. టెంపరింగులో గాజుని 620 నుంచి 650 డిగ్రీల దాకా వేడి చేసి గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు, రంగు కూడా అందులోనే గాజులో కరుగుతుంది. కారు అద్దాల అంచున కనిపించే నల్ల పట్టీ అలాంటిదే. అద్దాన్ని పట్టుకున్న జిగురుని ఎండ నుంచి కాపాడటం దాని పని.

ఎనామెల్ వేసిన వైపు గాజు బలం తగ్గుతుందని చాలామందికి తెలియదు. యూరోపియన్ ప్రమాణంలో టెంపర్డ్ ఫ్లోట్ గాజుకి వంపు బలం చదరపు మి.మీ.కి 120 న్యూటన్లు అయితే, ఎనామెల్ చేసిన గాజుకి 75. మందం లెక్క వేసేటప్పుడు 75 తీసుకోవాలి. కోత, రంధ్రాలు టెంపరింగుకు ముందే అయిపోవాలి. గాజులో చిక్కిన నికెల్ సల్ఫైడ్ కణం ఏ రోజైనా ఉబ్బి పలకను ఉన్నట్టుండి పగలగొట్టవచ్చు. మనుషుల తల మీదుగా పెట్టే గాజుకి హీట్ సోక్ పరీక్ష (లోపమున్న పలకలు ముందే పగిలిపోయేలా వేడిలో ఉంచడం) చేసి ఉండాలి, దానితో పాటు లామినేషన్ (పగిలినా ముక్కలు రాలకుండా రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర) కూడా అడగాలి.

లోతైన మెరుపు, నిటారు అంచులు కావాలంటే గాజు. బంతి దెబ్బలు, తోపుడు బండ్ల రాపిడి, వంపు తిరిగే గోడ ఉంటే ఉక్కు ఎనామెల్.

తొట్టి, రియాక్టరు, హీటరు

స్నానపు తొట్టికి పోత ఇనుము, ఉక్కు రెండూ ఉన్నాయి. పోత ఇనుము తొట్టిని ఎర్రగా కాల్చి, వేడి మీదే పొడి ఎనామెల్ చల్లుతారు, పూత మందంగా పడుతుంది, తొట్టి వేడినీ ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. బరువే దాని సమస్య. ఉక్కు తొట్టి తేలిక, కానీ లోపల ఏదైనా బరువు పడితే రేకు వంగుతుంది, గాజు వంగదు, పెచ్చు లేస్తుంది.

రసాయన పరిశ్రమలో గ్లాస్ లైన్డ్ రియాక్టర్లది, అంటే రసాయన చర్యలు జరిపే, లోపల గాజు పూసిన ఉక్కు తొట్లది, వేరే స్థాయి. 1880ల్లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఫౌడ్లర్ కంపెనీ బీరు పులియబెట్టే తొట్ల కోసం మొదలుపెట్టిన పని అది. లోపల గాజు 1 నుంచి 2 మి.మీ. మందంతో, చాలా పూతలుగా కాల్చి ఉంటుంది. దాదాపు అన్ని ఆమ్లాలకీ తట్టుకుంటుంది. ముఖ్యమైన మినహాయింపులు రెండు మరిచిపోకూడదు: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజుని తినేస్తుంది, వేడి గాఢ క్షారాలు నెమ్మదిగా అరగదీస్తాయి. వేడి రియాక్టరులో చల్లటి ద్రవం పోయకూడదు, లోపల రెంచి జారవిడవకూడదు. బయటి తొడుగు (జాకెట్) మీద సుత్తి దెబ్బ కూడా లోపలి గాజుని ఎగరగొడుతుంది. తనిఖీకి అధిక వోల్టేజి స్పార్క్ టెస్టర్ వాడతారు, చిన్న రంధ్రం దొరికితే టాంటలం అనే లోహపు ప్లగ్గుతో మూస్తారు. జరిగే చర్యను కంటితో చూడాలి, ఒత్తిడి తక్కువ, పరిమాణం చిన్నది అంటే బోరోసిలికేట్ గాజు రియాక్టరే మేలు. జర్మనీలోని యేనాలో ఒట్టో షాట్ చేసిన పని నుంచి వచ్చిన ఆ గాజు, తక్కువ కుంచించుకుంటుంది కాబట్టే వేడి చల్లదనాల మార్పుకి ఆగుతుంది.

నీళ్ల హీటరు కొనేటప్పుడు "గ్లాస్ లైన్డ్" అని రాసి ఉంటే దాని అర్థం లోపల ఉక్కుకి ఎనామెల్ పూత ఉందని. ఎంత మంచి పూతలోనైనా కంటికి కనపడని సూదిమొన రంధ్రాలు ఉంటాయి. వాటి దగ్గర ఉక్కు కరగకుండా తనే కరిగిపోయే మెగ్నీషియం లేదా అల్యూమినియం కడ్డీ లోపల ఉంటుంది. రెండు మూడేళ్లకోసారి దాన్ని తీసి చూడాలి. నీళ్లు గట్టివైతే, లేదా మెత్తబరిచే పరికరం పెట్టుకుంటే ఇంకా ముందే. కడ్డీలో లోపలి తీగ బయటపడితే మార్చే సమయం వచ్చినట్టు. ట్యాంకు కారడం మొదలయ్యాక మాత్రం కడ్డీ మార్చి ప్రయోజనం లేదు.